నురగ లేని చోటు

వేసవి సెలవులు మొదలయ్యాక సాయంత్రం నాలుగు దాటితే కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు మీద బళ్ళకి ఎడతెరిపి ఉండదు. జాందానీ చీర కొనడానికి ఉప్పాడ, కొత్తపల్లి వచ్చినవాళ్ళు 'ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా వెళ్తామా' అంటూ ఒడ్డుకి వస్తారు. పెళ్ళికొచ్చిన చుట్టాలు, పరీక్షలు అయిపోయిన కుర్రాళ్ళు, అన్నవరం నుంచి తిరిగొస్తూ పిల్లలు మారాం చేస్తే దారి మళ్ళినవాళ్ళు, అందరూ అక్కడికే. చాలాచోట్ల తారు అంచుకీ కెరటానికీ మధ్య ఉన్నది ఒక్క రాళ్ళ కట్టే. బండి దిగితే సముద్రం, సముద్రంలోంచి పైకెక్కితే రోడ్డు.

2021లో ప్రపంచవ్యాప్తంగా నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు సుమారు 3 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. మన దేశంలో 2022లో ఆ సంఖ్య 38 వేలు దాటింది. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ఈ రెండు లెక్కల్నీ మనం వేర్వేరు పేజీల్లో చదువుతాం. ఉప్పాడలో వాటిని విడదీయడం కుదరదు. మనిషిని లోపలికి లాగే సముద్రమే ఇక్కడ రోడ్డు కింది ఇసుకనీ లాగేస్తోంది. పైగా రెండు చోట్లా ప్రమాదం ఒకే తీరున దాక్కుంటుంది. పైకి అన్నిటికంటే నిమ్మళంగా, నమ్మకంగా కనిపించే చోటే అది ఉంటుంది. ఆ చోటుని కళ్ళతో పట్టుకోవడం ఎవరైనా నేర్చుకోవచ్చు, పదేళ్ళ పిల్లలు కూడా.

ముందు తీరం సంగతి చూద్దాం. కాకినాడకి ఎదురుగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకని అలలు ఉత్తరం వైపు నెట్టుకుంటూ పోగా, గత రెండు వందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ అది. సముద్రం జోరు కాకినాడ రేవు మీద పడకుండా అదే అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఉప్పాడ దాకా రాదు. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక ప్రయాణం దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ. ఆ ఇసుక దిబ్బ దగ్గరే చాలావరకు ఆగిపోతే ఉప్పాడకి చేరేది తక్కువ. దానికి తోడు, నది పొడవునా కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో గోదావరి సముద్రానికి ఇచ్చే మట్టి, ఇసుక బాగా తగ్గాయి. కెరటాలు మాత్రం తగ్గలేదు. తీసుకుపోయేది ఎక్కువ, తెచ్చి వేసేది తక్కువ. అందుకే ఉప్పాడలో పెద్దవాళ్ళు 'గుడి అక్కడుండేది' అని నీళ్ళలోకి చేయి చాపి చూపిస్తారు. సముద్రంలో కలిసిపోయిన ఇళ్ళ గురించి చెప్పని కుటుంబం ఆ ఒడ్డున అరుదు.

ఈ కోతని ఆపడానికి 2010 ప్రాంతంలో జియోట్యూబులతో గోడ వేశారు. గట్టి సింథటిక్ గుడ్డతో కుట్టిన భారీ గొట్టాల్లో ఇసుక నింపి, ఒడ్డు వెంట పరిచి, వాటికి రాళ్ళ కాపు పెట్టడం ఆ పద్ధతి. కొన్నేళ్ళు ఆసరాగా నిలిచింది, తర్వాత చాలాచోట్ల దెబ్బతింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా ఈ రోడ్డు కోసుకుపోయింది. రాళ్ళు తెచ్చి పోయడం, తారు వేయడం, మళ్ళీ కోత పడడం ఇక్కడివాళ్ళు ఎన్నోసార్లు చూశారు.

తుపాను నాడు పోలీసులు అడ్డం పెట్టి రోడ్డు మూసేస్తారు కాబట్టి ఆ రోజుల గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఎండ కాస్తున్న మే నెల రోజున ఎవరూ ఆపరు. అప్పుడే జాగ్రత్త కావాలి. కెరటం రాళ్ళ కట్టని కొట్టినప్పుడు నీళ్ళు సందుల్లోంచి రోడ్డు కిందికి దూరతాయి. కెరటం వెనక్కి తగ్గగానే, లోపల చిక్కుకున్న నీళ్ళు బయటికి తోసుకొస్తూ సన్నటి ఇసుకని వెంట తీసుకుపోతాయి. ఒక్కో కెరటానికి పోయేది గుప్పెడే కావచ్చు. నిమిషానికి ఆరేడు కెరటాల చొప్పున రాత్రీ పగలూ అదే పని సాగితే తారు కింద బోలు పడుతుంది. తారు పొర వెంటనే కూలదు. కొన్నాళ్ళు ఆ బోలు మీద అలాగే నిలబడుతుంది. నడిచే మనిషిని మోస్తుంది, సైకిల్‌ని మోస్తుంది. ఇద్దరెక్కిన మోటార్‌సైకిల్ 250 కిలోలకి పైనే ఉంటుంది, కారు టన్ను దాటుతుంది, నిండా జనంతో వచ్చే బస్సు పది టన్నుల పైమాటే. ఏ బరువు దగ్గర అది కూలుతుందో పైనుంచి చూసి చెప్పలేం.

ఆనవాళ్ళు మాత్రం ఉంటాయి. అంచుకి సమాంతరంగా పొడుగ్గా పాకిన బీట, సముద్రం వైపు కొద్దిగా వాలిన తారు, ఒరిగిన హద్దురాయి, వాన లేకపోయినా రోడ్డు మధ్య గుంటలోంచి ఊరుతున్న ఉప్పునీరు. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ అంచు తొక్కకూడదు, అక్కడ బండి ఆపకూడదు. ఫొటో కోసం ఆపాలంటే ఊరి వైపు ఆపాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళేటప్పుడు సముద్రం మనకి కుడిచేతి వైపు, అంటే ఎదురుగా వచ్చే బళ్ళకి అవతల ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అది ఎడమకి వస్తుంది. ఎడమ పక్కన నడపడం మన నియమం కాబట్టి, చీకటి పడ్డాక, అలసిపోయి, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లతో ఇంటికి బయల్దేరినవాళ్ళే కోత పడిన అంచు పక్కన నడపాల్సి వస్తుంది.

ఆ చీకట్లో ఇసుక ఇంకో ఇబ్బంది. ఎగిరిపడిన కెరటాలు, సాయంత్రపు గాలి కలిసి రోడ్డు మీద ఇసుక పరుస్తాయి. తారు రంగులో కలిసిపోయి అది కంటికి ఆనదు. పొడి తారు మీద టైరు పట్టుని 0.7 అనుకుంటే, ఇసుక పేరుకున్న చోట అది 0.3 దాకా పడిపోతుందని లెక్క వేసి చూద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుండగా ఎదురుగా ఏదో కనిపించింది. బ్రేక్ తొక్కాలని మెదడుకి తట్టి కాలు కదిలేలోపు ఒక్క సెకను పడుతుంది, ఆ సెకనులో బండి 17 మీటర్లు పోతుంది. తర్వాత పొడి తారు మీదయితే మరో 20 మీటర్లలో ఆగుతుంది. ఇసుక మీదయితే 47 మీటర్లు జారుతుంది. మొత్తం 64. హెడ్‌లైట్ కిందికి దించి ఉంచితే కనిపించే దూరం నలభై, యాభై మీటర్లే. అంటే ఆపలేమని తేలేసరికే గుద్దేసి ఉంటాం. అదే 40 వేగంలో అయితే ఇసుక మీద కూడా మొత్తం 32 మీటర్లలో ఆగుతుంది. బీచ్ రోడ్డు మీద రాత్రిపూట 40 దాటొద్దని చెప్పడానికి ఈ లెక్క చాలు. ఉప్పుగాలి హెల్మెట్ అద్దం మీద పొరలా పడితే ఎదుటి బండి వెలుతురు చెదిరి కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకని తిరుగు ప్రయాణానికి ముందు ఆ అద్దాన్ని మంచినీళ్ళతో కడగాలి. చిరాకుగా ఉందని హెల్మెట్ తీసేయడం దానికి విరుగుడు అవదు. హెల్మెట్ పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం, తలకి దెబ్బ తగిలే అవకాశం 69 శాతం తగ్గుతాయని ఎన్నో దేశాల అధ్యయనాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. వెనక కూర్చున్న అక్క, వదిన, అమ్మ తలలకీ అదే లెక్క వర్తిస్తుంది. వాళ్ళ చున్నీ, పైట కొంగు చక్రానికి అందకుండా బిగించుకోవడం ఎక్కేముందే చూసుకోవాలి.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం. వేసవి సముద్రంలో మనల్ని మోసం చేసేది నిర్మలమైన ఆకాశం. తుపాను లేదు, మబ్బు లేదు, గాలి కూడా మామూలుగానే ఉంది, అయినా కెరటం పెద్దదిగా వస్తుంది. అది ఇక్కడ పుట్టినది కాదు. భూమధ్యరేఖకి చాలా దక్షిణాన, అంటార్కిటికా వైపు సముద్రంలో వీచే భీకరమైన గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలోకి వస్తాయి. రెండు శిఖరాల మధ్య 16, 18 సెకన్ల ఎడం ఉండే ఈ పొడుగాటి అలల శక్తి లోతు సముద్రంలో గంటకి 45–50 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆరేడు వేల కిలోమీటర్లు దాటడానికి దాదాపు అయిదారు రోజులు. లోతులో ఉన్నంతసేపూ అది అరమీటరో మీటరో ఎత్తున నిమ్మళంగా వస్తుంది, ఒడ్డు దగ్గర నేల తగలగానే పైకి లేస్తుంది. అల ఎత్తు రెట్టింపైతే అందులోని శక్తి నాలుగింతలవుతుంది.

2024 మే 6న కన్యాకుమారి దగ్గర లెమూర్ బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి అలలకే బలయ్యారు. పెళ్ళికని వచ్చి సముద్రం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు. అలలు ఎగసిపడతాయని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అప్పటికే హెచ్చరించింది. 1999లో ఏర్పడిన ఈ కేంద్రం మత్స్యకారులకి చేపల జాడ చెప్పడం దగ్గర్నుంచి సునామీ హెచ్చరికల దాకా చూస్తుంది. అలల ఎత్తు, వాటి మధ్య ఎడం, ఏ తీరానికి ఎప్పుడు చేరతాయి అన్న సమాచారం రోజూ ఇస్తుంది. 'సముద్ర' అనే మొబైల్ యాప్‌లోనూ చూడొచ్చు. సినిమా టికెట్ ఫోన్‌లో చూసుకుని బయల్దేరే మనకి, బీచ్‌కి బయల్దేరేముందు దాన్ని తెరవడానికి పట్టేది అర నిమిషం.

ఈ దూరపు అలలకి ఇంకో గుణం ఉంది. అవి గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్ద కెరటాలు వరసగా వచ్చి, ఆ తర్వాత కొన్ని నిమిషాలు సముద్రం అణిగినట్టు ఉంటుంది. ఒడ్డుకి అప్పుడే వచ్చినవాళ్ళు ఆ అణిగిన నిమిషాలనే చూస్తారు. 'ఈ రాయి దాకా నీళ్ళు రావడం లేదు' అని నిర్ణయించుకుని రాళ్ళ మీదికి దిగి, సముద్రానికి వీపు పెట్టి ఫోన్ ఎత్తుతారు. ఉప్పాడ రాళ్ళని దగ్గరగా చూడండి. పైవరస రాళ్ళు తెల్లగా, ఎండి, గరుకుగా ఉంటాయి. కింది వరసలకి పచ్చటి నాచు పట్టి ఉంటుంది, దాని మీద పల్చటి తడి మెరుస్తుంటుంది. నాచు ఎక్కడి దాకా ఉందో నీళ్ళు అక్కడి దాకా తరచూ వస్తున్నాయని అర్థం. ఆ గీత కిందికి కాలు పెట్టిన మనిషి, అణిగిన సముద్రం ఎప్పుడు లేస్తుందో తెలియని చోట నిలబడ్డట్టే. రాళ్ళ కట్టకి కొట్టుకున్న కెరటం తిరిగి వెనక్కి మళ్ళుతూ కట్ట కాళ్ళ దగ్గర ఇసుకని తవ్వేస్తుంది కాబట్టి, రాళ్ళ కింద నేల మెల్లగా వాలుగా ఉండదు. జారితే నేరుగా లోతు, పైకెక్కుదామంటే పట్టు దొరకని రాయి.

రాళ్ళు లేని ఇసుక తీరాల్లో ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. విశాఖపట్నంలో ఆర్కే బీచ్ దగ్గర ఏళ్ళ తరబడి ప్రాణాలు తీస్తున్నది అదే, ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్రజ్ఞులు పరిశోధించినదీ దాన్నే. దాన్ని రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకి నీళ్ళు తోస్తూనే ఉంటాయి, ఆ నీళ్ళు ఎలాగోలా తిరిగి వెళ్ళాలి. ఒడ్డుకి కాస్త ఎడంగా నీటి అడుగున ఇసుక దిబ్బ ఉంటే అది అడ్డం పడుతుంది. నిండిన మడిలో నీళ్ళు గట్టుకి గండి పడిన చోటునుంచే బయటికి దూకినట్టు, ఆ దిబ్బలో ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి నీళ్ళన్నీ కలిసి లోపలికి పరుగెడతాయి. ఆ పాయ వెడల్పు మామూలుగా పది నుంచి ముప్ఫై మీటర్లు. వేగం సెకనుకి అరమీటరు, మీటరు ఉంటుంది, ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా సెకనుకి రెండు మీటర్ల వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టలేరు.

ఇప్పుడు కళ్ళని నమ్మితే ఎలా మోసపోతామో చూడండి. ఇసుక దిబ్బ ఉన్న చోట లోతు తక్కువ, అందుకే కెరటం అక్కడ విరుగుతుంది, తెల్లగా నురగ లేస్తుంది, చప్పుడు చేస్తుంది. పాయ పారే సందులో లోతు ఎక్కువ, అందుకని కెరటం విరగదు. నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, రెండు తెల్లటి చోట్ల మధ్య ఒక దారిలా కనిపిస్తుంది. పిల్లల చేయి పట్టుకున్న తండ్రి నురగ చూసి భయపడి, 'ఇక్కడ నెమ్మదిగా ఉంది' అని సరిగ్గా ఆ సందులోకే దింపుతాడు. సిడ్నీలో రాబ్ బ్రాండర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పాయలో రంగు కలిపి జనానికి చూపించేవాడు. ఒడ్డు దగ్గర పోసిన రంగు నిలబడి చూస్తుండగానే సన్నటి చారలా సముద్రంలోకి సాగిపోయేది. జనంలో ఎక్కువమంది పాయని గుర్తుపట్టలేకపోతున్నారనీ, చాలామంది దాన్నే సురక్షితమైన చోటుగా ఎంచుకుంటున్నారనీ ఆస్ట్రేలియాలో చేసిన పరిశీలనల్లో తేలింది. అందువల్ల దిగేముందు ఎత్తు మీద నిలబడి ఓ పది నిమిషాలు ఊరికే చూడాలి. కెరటాలు విరగని సందు ఎక్కడుందో, గడ్డీ చెత్తా నురగా ఎటు కొట్టుకుపోతున్నాయో, బురద రంగు నీళ్ళు ఎక్కడ లోపలికి చొచ్చుకుపోతున్నాయో చూస్తే పాయ దొరుకుతుంది.

'నడుము లోతు దాటం' అన్నది మనందరం ఇచ్చే హామీ. ఆ లోతు లెక్క కూడా చెబుతాను. నడుము దాకా నీళ్ళలో నిలబడితే నీళ్ళు మనల్ని పైకి ఎత్తడం వల్ల పాదాల మీద బరువు దాదాపు సగమవుతుంది. 60 కిలోల మనిషి 30 కిలోలంత బరువుతోనే ఇసుకని తొక్కుతుంటాడు. సెకనుకి రెండు మీటర్ల వేగంతో నీళ్ళు అతన్ని తోస్తే ఆ తోపు సుమారు 60 కిలోల బరువంత ఉంటుంది. కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకనీ తీసుకుపోతుంది. నిలదొక్కుకోవడం కుదరదు, ఎంత బలం ఉన్నా కుదరదు. పదేళ్ళ పిల్లకి నడుము లోతంటే పెద్దవాళ్ళకి తొడల దాకానే, కాబట్టి పిల్లల్ని చేతికందే దూరంలో ఉంచుకోవాలి. చీర కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా కాళ్ళు ఆడించలేరు. మోకాలు దాటి దిగాలనుకుంటే దుస్తుల సంగతి ముందే ఆలోచించుకోవాలి. మందు తాగి దిగడం గురించి ఒక్కమాటే: వద్దు.

పాయలో చిక్కుకున్నవాళ్ళు చేయాల్సింది మనసు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం. ఒడ్డు కనిపిస్తుంటుంది, నేరుగా అటే ఈదాలనిపిస్తుంది. అలా ఎదురీదినవాళ్ళు నిమిషాల్లో అలసి మునిగిపోతారు. పాయ మనిషిని లోపలికి లాగుతుంది తప్ప అడుక్కి లాగదు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే ఉప్పునీళ్ళలో మనిషి శరీరం తేలుతుంది. వెల్లకిలా తిరిగి, ముఖం పైకి పెట్టి, చెవులు మునిగినా భయపడకుండా తేలుతూ ఉండాలి. ఊపిరి అందాక చేయి ఎత్తి పిలవాలి. పాయ వెడల్పు తక్కువ కాబట్టి, శక్తి ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి, కెరటాలు తెల్లగా విరుగుతున్న వైపుకి ఈదాలి. అక్కడి కెరటాలే ఒడ్డు వైపు తోస్తాయి. కాలిఫోర్నియాలో జేమీ మక్‌మహాన్ బృందం తేలే పరికరాలని పాయల్లో వదిలి, ఉపగ్రహాల సాయంతో వెంబడించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో ఎక్కువ భాగం సముద్రంలోకి పోకుండా గుండ్రంగా తిరిగి మళ్ళీ కెరటాలు విరిగే చోటికే వచ్చాయి. అన్ని తీరాల్లో అలాగే జరుగుతుందని చెప్పలేం గానీ, తేలుతూ ఉన్న మనిషికి అవకాశం మిగులుతుందన్న మాట మాత్రం గట్టిది.

ఒడ్డున ఉన్నవాళ్ళకి ఎదురయ్యే కష్టం వేరు. మునిగిపోతున్న మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని సినిమాలు మనకి నేర్పాయి. న్యూయార్క్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా 1970ల్లో నిజమైన ఘటనలని కెమెరాలో పట్టి పరిశీలించాడు. నోరు నీటి పైకి వచ్చే ఆ లిప్తలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు, అరవడానికి గాలి ఉండదు. చేతులు అప్రయత్నంగా పక్కలకి చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి, పైకెత్తి ఊపడం చేతకాదు. 20 నుంచి 60 సెకన్లలో అంతా అయిపోతుంది. అంటే ఆడుకుంటూ అల్లరి చేస్తున్న పిల్ల ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఒడ్డు వైపు ముఖం పెట్టి, నిట్టనిలువుగా ఉండి ముందుకి రాకపోతే ఆ క్షణమే కదలాలి.

కదలడం అంటే వెనకాముందూ చూడకుండా దూకడం కాదు. 2025 మే 26న కోనసీమలో కమిని లంక దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన కుర్రాళ్ళలో ఎనిమిది మంది ఒకేసారి పోయారు. ఫంక్షన్‌కని వచ్చినవాళ్ళు. వేసవిలో గోదారి సన్నబడి, ఇసుక మేటల మధ్య అమాయకంగా కనిపిస్తుంది. మోకాలి లోతు నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువు లోతుకి పడిపోయే చోట్లు ఆ ఇసుకలోనే ఉంటాయి. ఒకడు మునుగుతుంటే పక్కవాడు చేయి అందిస్తాడు, భయంలో ఉన్నవాడు ఆ చేతిని, ఆ తర్వాత మెడని పట్టుకుంటాడు. నీళ్ళ దగ్గర ఒకే ఇంట్లో ముగ్గురు, నలుగురు పోయారన్న వార్తల వెనక చాలాసార్లు జరిగేది ఇదే. ఆ ప్రేమని తప్పుపట్టలేం. దానికి చేతిలో ఒక వస్తువు ఉండాలి, అంతే.

ఆ వస్తువు పెద్దదేమీ కానక్కర్లేదు. నీళ్ళలో మనిషి తల పైన ఉండటానికి అదనంగా కావలసింది నాలుగైదు కిలోల ఆసరా. మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ క్యాన్ అయిదు కిలోలని మోస్తుంది, ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్ ఇద్దరికి సరిపోతుంది. వల బెండ్లు ఇంకా మంచివి. అదేదీ లేకపోతే స్టెప్నీ టైరు, పొడుగాటి వెదురు, ముడివేసిన రెండు తువ్వాళ్ళు. విసరాలి, అందించాలి, అందేలోపు మాటలతో ధైర్యం చెబుతూ ఉండాలి. మన పెద్దవాళ్ళు ఎండు ఆనపబుర్ర నడుముకి కట్టి పిల్లలకి ఈత నేర్పిన ఊళ్ళివి. ఈరోజు కారు డిక్కీలో చాపా, క్యారేజీ, కూల్‌డ్రింకులతో పాటు ఒక ఖాళీ క్యానూ పది గజాల తాడూ పెట్టుకుని బయల్దేరడం మనకి అలవాటు కావాలి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ సంగతీ అంతే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు ఒడ్డునున్న గిరిజన గూడేలవాళ్ళు నాటు పడవలేసుకొచ్చి పట్టుకోగలిగింది, వాళ్ళు చేరేదాకా నీటి పైన తేలుతూ ఉన్నవాళ్ళని. ఉక్కపోస్తోందని జాకెట్ విప్పి పక్కన పెట్టుకుంటే బోటు తిరగబడే ఆ కొద్ది సెకన్లలో అది చేతికి రాదు.

బయటికి తీసిన మనిషి ఊపిరి పీల్చుకోకపోతే తర్వాతి నాలుగు నిమిషాలే అసలు సమయం. ఆ సమయంలో మన ఊళ్ళలో ఇప్పటికీ జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. నీళ్ళు కక్కించాలని తలకిందులుగా ఎత్తి గిరగిరా తిప్పుతారు, పొట్ట మీద నొక్కుతారు. పొట్ట నొక్కితే అందులోని తిండీ నీళ్ళూ గొంతులోకి వచ్చి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం పెరుగుతుంది. తిప్పిన నిమిషాలు మెదడుకి ఆక్సిజన్ అందని నిమిషాలు. మునిగినవాళ్ళ గుండె ఆగేది ఊపిరి ఆగడం వల్ల. కాబట్టి ముందు అందించాల్సింది ఊపిరే. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లోకి రెండు నుంచి అయిదుసార్లు ఛాతీ పైకి లేచేలా ఊదాలి. కదలిక రాకపోతే ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ ఉంచి, అయిదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కాలి. మళ్ళీ రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని 'బాగానే ఉన్నాను' అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు.

ఈ సముద్రం గురించి బాగా తెలిసిన మనిషి ఉప్పాడ ఒడ్డున వేసవిలో ఖాళీగా కూర్చుని ఉంటాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. సరిగ్గా ఆ రెండు నెలలే బడి సెలవులు, పెళ్ళిళ్ళు, బీచ్‌లో జనం. బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి, వాటి నీడలో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న మత్స్యకారులకి ఈ రోజు పాయ ఎక్కడుందో, రాళ్ళ కింద కోత ఎంత లోతు తవ్విందో, నిన్నటికంటే పోటు ఎంత ఆలస్యంగా వస్తుందో చూడగానే తెలుసు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వాళ్ళు తిథిని బట్టి లెక్కకట్టి గంట చెప్పగలరు. 2025 నుంచి ఈ కాలానికి ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇచ్చే భృతి 20 వేల రూపాయలు. దాన్ని అలాగే ఉంచి, దానికి అదనంగా రోజుకూలి ఇచ్చి, ఒక్కో జట్టులో నలుగురు చొప్పున ఒడ్డున కాపలా పెడితే ఎంత బాగుంటుంది! విశాఖ బీచ్‌ల్లో లైఫ్‌గార్డులు ఉన్నారు. 2020లో రుషికొండకి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రావడానికి అలాంటి కాపలా ఒక షరతు. సిడ్నీ తీరంలో 1907 ప్రాంతంలో ఊరివాళ్ళే కలిసి మొదలుపెట్టిన దళాలు ఈరోజుకీ ఎర్ర, పసుపు రంగుల జెండాలు పాతి, ఆ రెండు జెండాల మధ్యే స్నానం చేయమంటాయి.

ఇసుక కదిలిన కొద్దీ పాయ చోటు మారుతుంది, కాబట్టి జెండాని ఒక చోట పాతి వదిలేస్తే పనికిరాదు. పొద్దున్నే నీళ్ళు చూసి దాన్ని జరిపే కన్ను కావాలి. సాయంత్రం వెలుతురు తగ్గాక రోడ్డు అంచు వెంట నడిచి, బీట పడిన చోట రాయో డ్రమ్మో అడ్డం పెట్టి, పోలీసులకి ఫోన్ చేసే మనిషీ అతనే కావచ్చు. జట్టుకి ఓ ఈల, నాలుగు జెండాలు, బెండ్లు కట్టిన తాడు, ఊపిరి ఊదడంలో రెండు రోజుల శిక్షణ ఇస్తే సరిపోతుంది. ఈత, సముద్రం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పంచాయతీలు, మత్స్యశాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే వచ్చే ఏప్రిల్ 15 నాటికి ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేట ఒడ్డుల్లో దీన్ని మొదలుపెట్టొచ్చు.